జారిపోయిన వత్తు

హనుమక్క మంద మాయమైంది.

పట్టపగలు. ముదిగుబ్బ దాటాక రోడ్డు పక్క బీడులో. ముగ్గురు మనుషులు, ఒక వ్యాన్. గొర్రెల్ని ఆమె చేతే ఎక్కించుకుని మరీ పోయారు.

ఎస్సై పుష్పావతి ఆ బీడులోకి వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. నేలంతా గిట్టల గుర్తులు. వాటి పక్కనే టైర్ల గుర్తులు. అవి తారురోడ్డు దాకా పోయి ఆగిపోయాయి.

"నువ్వెట్ల ఎక్కిచ్చినావమ్మా?"

"రోగమొచ్చింది, శిబిరంలో సూదులెయ్యల్ల, సాయంత్రానికి తెచ్చిడుస్తాం అన్న్యారు. పోయిన నెల వచ్చినోళ్లవి గూడా ఇవే నీలం చొక్కాలు. వాళ్లు మంచోళ్లు. మందులేసి, దుడ్లు గూడా తీసుకోకుండా పోయినారు." హనుమక్క కర్రతో టైర్ల గుర్తును పొడిచింది. "ఆ చొక్కా చూసే నమ్మితి."

"వ్యాన్ నంబర్?"

"నాకు చదువు రాదు మేడమ్. కేసు సంగతి నాకొద్దు. నా జీవాలు యాడుండాయో అది చెప్పు."

పుష్పావతి తారురోడ్డు కేసి చూసింది. ఈ రాత్రికి మందను లారీకెక్కిస్తే తెల్లారేసరికి బెంగళూరు. ఆ తరవాత దేవుడు కూడా గుర్తుపట్టలేడు.

"మేడమ్, ఇట్ల రాండి!" కానిస్టేబుల్ నరసింహులు కేక వేశాడు.

కంపచెట్టుకు ఒక టీషర్ట్ వేలాడుతోంది. ముళ్లకు చిక్కి చంక దగ్గర చిరిగింది. పనికి రాదని విప్పి పారేసినట్టున్నారు. నీలం గుడ్డ మీద తెల్లటి అక్షరాలు, పసుపు పచ్చ గొర్రె బొమ్మ. 'పచ్చిక - జీవాల వైద్య శిబిరం.'

పుష్పావతి దాన్ని కవర్లో పెట్టుకుంది. జీపెక్కింది. తలుపు పూర్తిగా పడకముందే "పోనీ" అంది.

*

పచ్చిక సంస్థ నడిపే రాఘవేంద్ర ధర్మవరం ఆఫీసులో దొరికాడు. విషయం వినగానే ముఖం పాలిపోయింది.

"మా టీమ్ పొద్దున్నించీ ఉరవకొండ దగ్గర క్యాంపులో ఉంది మేడమ్. ఇక్కడున్న ఒక్క శాంపిల్ తప్ప మా టీషర్టులన్నీ వాళ్ల ఒంటి మీదే ఉన్నాయి."

పుష్పావతి వీడియో కాల్ చేయించింది. నిజమే. టీమంతా గొర్రెల మధ్యలో నీలం చొక్కాలతో చెమటలు కక్కుతోంది.

"ఆ డిజైన్ ఎవరెవరి దగ్గరుంది?"

"నా లాప్‌టాప్‌లో ఒక ఫైల్. ప్రింట్ చేసిన తారా స్క్రీన్స్ షాపులో మిగతావి."

"లాప్‌టాప్ తీసుకో. ఆఫీసులో ఉన్న శాంపిల్ టీషర్ట్ కూడా. నాతో రా."

*

తారా స్క్రీన్స్ లోపల ఇంకు వాసన కళ్లలోకి కొట్టింది. గోడలకు ఆనించి సన్నటి మెష్ వల బిగించిన చెక్క ఫ్రేములు. షాపులో ముగ్గురే ఉన్నారు. బిల్లింగ్ కంప్యూటర్ ముందు ఓనర్ అనిల్ కుమార్. లోపలి కంప్యూటర్ దగ్గర ఫైళ్లు తయారుచేసే ఐశ్వర్య. ప్రింట్ కొట్టే బల్ల దగ్గర తిప్పేష్.

చిరిగిన టీషర్ట్ చూడగానే అనిల్ కుమార్ చేతులు ఊపాడు.

"దీంట్లో మా తప్పేముండాది మేడమ్? ఫోన్లో ఫోటో తీసి ఎవడైనా కొట్టుకుంటాడు. ఇప్పుడంతా డిజిటల్. మా ఫ్రేముల పనే మునిగిపోతాంది."

"ఫోటో తీసి కొడితే ఇంత నున్నగా రాదు సార్," అంది ఐశ్వర్య. "అంచులు పళ్లు పళ్లుగా వస్తాయి." వెంటనే నాలుక కరుచుకుంది. అంటే అసలు ఫైల్ బయటికి పోయింది. ఆ ఫైల్ చేసింది తనే.

అనిల్ కుమార్ గొంతు తగ్గించాడు. "అట్లయితే తిప్పేష్‌ను అడగండి. పాత ఫ్రేములు ఇంటికి తీసకపోతాంటాడు."

"ఏమప్పా, నామీద ఏస్తాండావా?" తిప్పేష్ ఇంకు లాగే స్క్వీజీని బల్ల మీద విసిరాడు. "ఇంటికాడ నా కూతురి బడికి బ్యానర్లు కొట్టినా. ఒకరి గొర్రెలు దొంగతనంగా తోలే గతి నాకు పట్టలే!"

"అరవద్దు," అంది పుష్పావతి. ఆమె కుర్చీలో కూచోలేదు. షాపులో ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తూనే ఉంది. గోడ గడియారం మూడు దాటింది. కబురు పెట్టిన చెక్‌పోస్టుల నుంచి ఒక్క ఫోనూ లేదు. హనుమక్క గొంతు చెవిలో తిరుగుతోంది.

"ఐశ్వర్యా, ఇది ఎట్ల తయారవుతుందో చెప్పు. నాకు అర్థమయ్యేటట్టు."

"ముందు కంప్యూటర్‌లో డిజైన్ చేస్తాను మేడమ్. అది నా వర్కింగ్ ఫైల్. తరవాత రంగు రంగుకూ విడగొట్టి, ఒక్కో రంగుకు ఒక్కో ఫిల్మ్ తీస్తాం. ఫిల్మ్ నుంచి ఫ్రేము. ఫ్రేము నుంచి గుడ్డ."

"రాఘవేంద్రకు ఏ ఫైల్ ఇచ్చినావు?"

"ఫైనల్ ఫైల్. అందులో అక్షరాలను కర్వ్స్ చేసేస్తాను. అంటే అక్షరం బొమ్మగా మారిపోతుంది. ఇంక ఏ ఫాంటూ అక్కర్లేదు. యాడ తెరిచినా ఒకేలా ఉంటుంది."

పుష్పావతి రెండు టీషర్టులనూ బల్ల మీద పక్కపక్కన పరిచింది. గొర్రె బొమ్మ అదే. రంగులు అవే. అందరూ బొమ్మ కేసే చూస్తున్నారు. ఆమె మాత్రం వేలు పెట్టి అక్షరాలు చదివింది. జీవాల. వైద్య.

వేలు ఆగింది.

"ఐశ్వర్యా, నీ వర్కింగ్ ఫైల్‌ను ఒక పెన్‌డ్రైవ్‌లో ఎక్కించు. నీ కంప్యూటర్‌లో తెరువు. తరవాత రాఘవేంద్ర లాప్‌టాప్‌లో ఆయన ఫైల్ చూద్దాం."

రెండిట్లోనూ అక్షరాలు సరిగ్గా ఉన్నాయి.

"ఇంక ఆ బిల్లింగ్ కంప్యూటర్."

అనిల్ కుమార్ లేచి అడ్డం నిలబడ్డాడు. "దాంట్లో లెక్కలుంటాయి మేడమ్. పాస్‌వర్డ్ నాకొక్కడికే తెలుసు. ఈళ్లను ముట్టనియ్యను."

"మంచిది. నువ్వే కొట్టు."

అతని వేళ్లు రెండుసార్లు తప్పాయి. మూడోసారి తెర వెలిగింది. ఐశ్వర్య పెన్‌డ్రైవ్ పెట్టి తన వర్కింగ్ ఫైల్ తెరిచింది. నీలం, గొర్రె, తెల్ల అక్షరాలు.

"అయ్యో!" అంది ఐశ్వర్య.

'వైద్య'లో ద కింద య-వత్తు లేదు. ఆ చోట ఖాళీ డబ్బా ఒకటి, గోరంత.

పుష్పావతి చిరిగిన టీషర్ట్‌ను తెర పక్కన పట్టుకుంది. ద కింద అదే డబ్బా.

"ఎందుకిట్ల వచ్చింది?"

"ఈ కంప్యూటర్‌లో ఉండేది అదే ఫాంట్, కానీ పాత వెర్షన్ మేడమ్. అందులో ఆ వత్తు లేదు. అందుకే నేను ఈడ ఏ ఫైలూ తెరవను."

పుష్పావతి నలుగురి వైపూ తిరిగింది.

"రాఘవేంద్ర ఫైల్‌లో అక్షరాలు బొమ్మలైపోయినాయి. అది వాడింటే వత్తు జారదు. తిప్పేష్ పాత ఫ్రేము వాడింటే అచ్చం పాత టీషర్ట్ లాగే పడాలి. ఐశ్వర్య తన కంప్యూటర్‌లోనే ఫిల్మ్ తీసింటే తప్పు రాదు. ఈ ఫిల్మ్ ఈ బిల్లింగ్ కంప్యూటర్ నుంచే వచ్చింది. దీని పాస్‌వర్డ్ ఒక్కడికే తెలుసు."

అనిల్ కుమార్ పెదాలు తడుపుకున్నాడు. "ఐశ్వర్య ఫోల్డర్లో రెండు ఫైళ్లుండె. రెండూ ఒకటే అనుకుంటి."

"అచ్చుతప్పు కనపడలేదా?"

"కనపడింది." అతను నేల చూపులు చూశాడు. "గొర్రెలోళ్లు చదువుతారా ఏమి, అనుకుంటి."

తిప్పేష్ ఒక అడుగు ముందుకు వేశాడు. గుమ్మం దగ్గరున్న నరసింహులు అతని భుజం పట్టి ఆపాడు.

"మంద యాడుండాది?" పుష్పావతి గొంతు లేవలేదు.

"అంగడి మూతపడేట్టుండాది మేడమ్. నా బామ్మర్దికి వ్యాన్ ఉండాది, వాడు చెప్పినాడు..."

"మంద యాడ?"

"కదిరి రోడ్డులో. మూతపడిన శెనక్కాయల మిల్లులో. చీకటి పడినాక లారీ వస్తాది."

*

జీపు మిల్లు ముందు ఆగేసరికి పొద్దు వాలుతోంది. బామ్మర్ది, వాడి మనుషులిద్దరూ గోడ దూకబోయి చేనులో దొరికారు. షట్టర్ ఎత్తగానే వేడి, పెంట వాసన ముఖాన కొట్టాయి. మంద ఒకదాని మీద ఒకటి ఒరిగి రొప్పుతోంది. రెండు గొర్రెపిల్లలు చచ్చిపోయి ఉన్నాయి. నీళ్ల తొట్టి లేదు.

దారిలో ఎక్కించుకొచ్చిన హనుమక్క జీపు దిగింది. పరుగెత్తలేదు. గుమ్మంలో నిలబడి నాలుక తాటించి ఒక పిలుపు పిలిచింది.

తలలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి.

తిప్పేష్ ఎవరూ అడక్కుండానే మోటార్‌సైకిల్ మీద వెనకాలే వచ్చాడు. దగ్గరి తోటలోంచి బిందెలతో నీళ్లు మోసుకొచ్చి పాత ఇనప డేషా గిన్నెలో పోశాడు. గొర్రెలు తాగుతున్నంతసేపూ హనుమక్క చచ్చిన పిల్లల పక్కన కూచుంది. ఏడవలేదు. ఒకదాని చెవి నిమిరింది, అంతే.

పుష్పావతికి పొద్దున్నించీ కాళ్లలో ఉన్న ఉరుకు ఇంకా తగ్గలేదు. ఫోన్ తీసింది. "ఇంటికి చానా దూరం. ఒక మంచి వ్యాన్ పిలిపిస్తానమ్మా."

హనుమక్క కొంగు దులుపుకుని లేచింది.

"వద్దు మేడమ్. ఎక్కమని చెప్పి మోసం చేసింది నేనే గదా, పొద్దున. ఇంగ ఈ పొద్దు నా మాట మీద అవి బండెక్కవు."

కర్ర తీసుకుని ముందు నడిచింది. మంద ఆమె వెనక రోడ్డెక్కింది. పుష్పావతి జీపులోకి పోలేదు. హెడ్‌లైట్లు వేసుకుని నిదానంగా వెనక రమ్మని నరసింహులుకు చెప్పి, తను కూడా ఆ దుమ్ములో నడవసాగింది.