కృష్ణప్రియకు చెప్పని మాట

ఆదివారం పొద్దున్నే నందిగామ నుంచి వచ్చిన కృష్ణప్రియ వసారాలో కూర్చుని మోకాలికి వేడినీళ్ల కాపడం పెట్టుకుంటోంది. జగ్గయ్యపేట శివారులోని పత్తి చేనుకు బయల్దేరబోతున్న సాంబయ్య కూతుర్ని చూసి ఆగాడు.

"పరుగు పరీక్ష ఏమైందే?" కాఫీ అందిస్తూ అడిగింది తల్లి దుర్గాంబ.

"పోయిందమ్మా. సగంలోనే మోకాలు పట్టేసింది. వచ్చే ఏడు రెఫరీల జాబితాలో నా పేరుండదు."

కృష్ణప్రియ నందిగామ బళ్లో వ్యాయామ టీచరు. నాలుగేళ్లుగా అంతర్జాతీయ ఫుట్‌బాల్ రెఫరీ. ఎన్నో దేశాల మైదానాల్లో విజిల్ ఊది వచ్చింది. సాంబయ్య మాత్రం ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. ఆడపిల్ల నిక్కరు వేసుకుని పరిగెత్తడమేమిటని మొదట్లో కోపం. తర్వాత చూడటానికి మొహం చెల్లలేదు.

"ఫుట్‌బాల్ సంఘం వాళ్లు నన్ను ముప్పై నాలుగో ఏట తీసుకున్నారు. ఐదేళ్ల ముందే పరీక్షకు పిలిచుంటే బాగుండేది. అప్పుడు వాళ్ల కంటికి ఆనలేదు," అంది కృష్ణప్రియ నవ్వబోతూ.

సాంబయ్య మెట్టు మీద కూలబడ్డాడు.

"అప్పుడే పిలిచారమ్మా. నువ్వు సెల్లు ఛార్జింగులో పెట్టి స్నానానికెళ్లావు. నేనే ఎత్తా. వీరులపాడు సంబంధం వాళ్లు చూడటానికొచ్చే వారం అది. పెళ్లి కుదిరింది, మా అమ్మాయి ఇక రాదని చెప్పేసా."

"నాక్కూడా చెప్పలేదే," అంది దుర్గాంబ.

కృష్ణప్రియ కాపడం గుడ్డ పక్కన పెట్టింది. "ఆ సంబంధమూ కుదరలేదుగా నాన్నా," అంది.

"లేదు."

"నేనే పనికిరాననుకున్నా. ఐదేళ్లు అదే అనుకుంటూ తెల్లారకుండా గ్రౌండుకెళ్లా. నువ్వొక్క మాట చెప్పుంటే..."

"చెబుదామనే అనుకున్నా. ఇల్లొదిలి వెళ్లిపోతావేమోనని భయమేసింది. నీకు పేరొచ్చాక, ఇప్పుడెందుకులే అనుకున్నా. తప్పేనమ్మా."

ఆమె లేచి గదిలోకి వెళ్లిపోయింది. సాంబయ్య చేనుకు పోలేదు, అన్నానికీ లేవలేదు. పొద్దు వాలుతుండగా ఆ గది గుమ్మంలో నిలబడ్డాడు.

"నువ్వు చేసిన మ్యాచ్ ఒకటి చూపించమ్మా."

ఆమె తండ్రి వంక చాలాసేపు చూసింది. ఆఖరికి మంచం మీద పక్కకు జరిగి ఫోను తెరిచింది. ఆట ఆయనకు అర్థం కాలేదు. బంతిని వదిలేసి కూతుర్నే చూశాడు. కలబడబోయిన ఇద్దరు ఆటగత్తెలు ఆమె చెయ్యెత్తగానే వెనక్కి తగ్గారు.

"ఇంతసేపూ పరిగెత్తుతూనే ఉంటావా?"

"తొంభై నిమిషాలు."

"ఇంకో ఐదేళ్లు ఎక్కువ పరిగెత్తేదానివి," అని సాంబయ్య కండువాలో మొహం దాచుకున్నాడు.

కృష్ణప్రియ ఓదార్చలేదు. తన కళ్లు తుడుచుకుని, ఫోను ఆయన వైపు ఇంకాస్త జరిపింది.

"రెండో సగం ఉంది నాన్నా, చూడు."