కార్డులో లేని నలభై పెట్టెలు

గుమాస్తా శవం దుప్పట్ల పెట్టెల కింద దొరికింది. పేర్చిన వరస కూలి మీద పడిందని, ప్రమాదమేనని పోలీసులు రాసుకుని పోయారు. అతని మేజోడులో దాచిన కాగితం ముక్క మాత్రం చీఫ్ టేబుల్ మీదికి చేరింది. "నలభై పెట్టెలు ఎక్కువ." అంతే! ఏ సరుకో రాయలేదు.

"ఇది హత్య," అన్నాడు చీఫ్. "వరద శిబిరానికి వెళ్ళే సరుకులో విదేశీ ముఠా విషం కలిపింది. అక్కడ ఆరువేల మంది ఉన్నారు. రేపు లారీ కదులుతుంది. పోయినవాడి స్థానంలో గుమాస్తాగా నువ్వు వెళ్తున్నావు. ముఠాలో మన మనిషి ఒకావిడ ఉంది. 'వాన తగ్గిందా?' అని అడిగితే 'గొడుగు తేలేదు' అంటుంది."

ఏజెంట్ ఇరవై ఏడు కుర్చీ అంచుకి జరిగాడు. ఆ శిబిరంలో నర్సు అతని సొంత అక్క. అమ్మ పోయాక పెంచి పెద్ద చేసింది ఆవిడే. తమ్ముడు ఏదో ఆఫీసులో గుమాస్తా అనుకుంటోంది, పాపం!

చీఫ్ ఒక పెన్ను చేతిలో పెట్టాడు. "విషం తగిలితే సిరా ఎర్రబడుతుంది. ఒక్కసారే పనిచేస్తుంది, జాగ్రత్త."

పొద్దున్నే గోడౌన్ గేటు దగ్గర స్టోర్ కీపర్ అడ్డంగా నిలబడ్డాడు. మెడలో ఈల, మొలకి తాళాల గుత్తి. అందరూ పెద్దాయన అంటారు.

"ఆ టిఫిన్ బాక్సు ఇక్కడే పెట్టు బాబూ. తిండి లోపలికెళ్తే ఎలకలొస్తాయి."

"నాకు షుగరండీ, టైముకి తినాలి."

"షుగరున్నా బీపీ ఉన్నా రూలు రూలే!"

బాక్సు బీరువాలోకి వెళ్ళిపోయింది. దాని అడుగు అరలో పిస్తోలు ఉంది. ఏజెంట్‌కి ఒళ్ళు మండిపోయింది.

వెనకే నల్లకళ్ళద్దాలు, ఎత్తు మడమల చెప్పులతో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ మేడమ్ దిగింది. ఆవిడ హ్యాండ్‌బ్యాగూ బీరువాలోకే పోయింది. మేడమ్ నానా గొడవా చేసింది. పెద్దాయన వింటేగా!

లోపల నడవాలో ఏజెంట్ గొంతు తగ్గించాడు. "వాన తగ్గిందా?"

"గొడుగు తేలేదు," అంది మేడమ్ పెదవి కదపకుండా. "పాలపొడి పెట్టెలు. మూడో అర. త్వరగా!"

అతను పరుగున వెళ్ళి పెట్టె విప్పి పొడిలో పెన్ను గుచ్చాడు. సిరా నీలంగానే ఉండిపోయింది. ఉన్న ఒక్క పరీక్షా అయిపోయింది. మేడమ్ పొరపడిందా, లేక అమ్ముడుపోయిందా?

చెమటలు కక్కుతూ బయటికొచ్చేసరికి లారీకి సీలు వేస్తున్నారు. పెద్దాయన సరుకు తీసేసిన ఖాళీ చోటు ముందు నిలబడి గొణుక్కుంటున్నాడు.

"ఏం లోడు చేశారు, పెద్దాయనా?"

"నీళ్ళు శుద్ధి చేసే మాత్రలు. గడువు ముందు తీరేవే ముందు వెళ్ళాలి. అదీ పద్ధతి. కానీ ఆ వరస పేర్చినవాడెవడో నా చేతికి దొరకాలి! పెట్టె మీద పెట్టె, చిన్నపిల్లల ఆటలాగ. మేం ఒకటి నిలువు, ఒకటి అడ్డం, గోడ కట్టినట్టు కడతాం. ముప్ఫై ఏళ్ళలో ఒక్క వరస కూలలేదు."

"మరి గుమాస్తా మీద దుప్పట్ల వరస ఎలా కూలింది?"

"అయితే అది కూలింది కాదు, ఎవరో కూల్చింది!" అన్నాడు పెద్దాయన.

ఏజెంట్ బుర్ర గిర్రున తిరిగింది. దగ్గరి గడువు తేదీ అచ్చువేస్తే చాలు, పద్ధతి ప్రకారం విషమే ముందు బయల్దేరుతుంది! పొద్దున లెక్కపెట్టాల్సింది తనే. మేడమ్ మాట విని పాలపొడి వెంట పడ్డాడు. ఛీ!

"సరుకు లెక్క రాసే కార్డులో మాత్రలు ఎన్ని పెట్టెలు?"

"నాలుగొందలు. వరసకి నలభై, పది వరసలు."

"లారీలో నలభై ఎక్కాయి. తొమ్మిది వరసలే మిగలాలి కదా?"

పెద్దాయన తల తిప్పి చూశాడు. అడ్డం నిలువుగా కట్టిన పది వరసలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. "ఓరి నాయనో! లారీ కాగితాల మీద మూడు సంతకాలూ చేసేశానే!"

లారీ కదిలింది.

"పెద్దాయనా, నా దగ్గర రుజువు లేదు. ఆపండి!"

"రుజువెందుకయ్యా? కార్డులో లేని పెట్టె నా గేటు దాటదు!"

ఈల చెవులు చిల్లులు పడేలా మోగింది. గేటు దగ్గర అడ్డకమ్మీ ధడాలున దిగింది. లారీ కీచుమంటూ దానికి జానెడు దూరంలో ఆగింది. డ్రైవర్ దూకి పారిపోబోతే హమాలీలు ఒడిసి పట్టుకున్నారు.

మేడమ్ చెయ్యి బ్యాగు కోసం తన భుజం మీదికి వెళ్ళింది. అది లేదు. బీరువా దగ్గరికి పరుగెత్తి తలుపు పీకింది. తాళం ఊడలేదు. ఏజెంట్ ఆవిడ చెయ్యి వెనక్కి విరిచి పట్టుకున్నాడు.

"వాన తగ్గిందా, మేడమ్?"

సరైన మాత్రలు నాలుగు గంటలు ఆలస్యంగా శిబిరానికి చేరాయి. సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్ చిన్నోడా, నువ్వు కొత్తగా చేరానన్న గోడౌనోళ్ళకి ఎంత బద్ధకంరా! పిల్లలు దాహంతో అల్లాడిపోయారు. నలభై పెట్టెలు పంపడానికి ఇంతసేపా? మనుషుల ప్రాణాలంటే లెక్కే లేదు మీకు!"

"నిజమే అక్కా. తప్పు నాదే."

"సరేలే. ఇంతకీ తిన్నావా?"

అతను బీరువా వైపు చూశాడు. పెద్దాయన డ్యూటీ దిగి, తాళాల గుత్తితో సహా ఇంటికెళ్ళిపోయాడు.

"లేదక్కా. బాక్సు లోపలుండిపోయింది. రూలు రూలేనట."