తెల్ల కప్పు

ఉదయం 7.40. ఎల్డన్ స్ప్రేగ్ వంటింటి బల్ల మీద తల వాల్చి ఉన్నాడు. చేతి పక్కన సగం తాగిన కాఫీ. ప్రాణం పోయి గంట దాటింది.

నాలుగో రోజు పోలీసు డెప్యూటీ వెర్నా చేతికి ల్యాబ్ రిపోర్టు వచ్చింది. ముసలాయన రక్తంలోనూ, ఇంటి బారెల్ నీళ్ళలోనూ సీసం, కాడ్మియం.

ఊళ్ళో వేళ్ళన్నీ సైన్సు మాస్టారు డ్వైట్ మీదికి లేచాయి. మూసేసిన సీసం గనిలోంచి కారే నీటి అడుగున పేరుకున్న ఎర్ర తుప్పు బురదను ఎండబెట్టి, బారెళ్ళలో నింపి నలభై ఇళ్ళకు పెట్టింది అతనే. బావి నీళ్ళు అందులోంచి దిగితే వాటిలో కలిసిన గని విషం బురదకు అంటుకుంటుంది. ఊరికి వేరే నీళ్ళు లేవు. బారెళ్ళు పోతే ఊరు ఖాళీ.

వెర్నా అతన్ని ఎల్డన్ భార్య ఒపల్ వంటింట్లోనే కూర్చోబెట్టింది.

"బురద ఎప్పుడు మార్చావు?"

"ఏప్రిల్ మూడున. అదే రోజు టెస్ట్ చేశా. సీసం లేదు."

"తర్వాత ఎవరు ముట్టుకున్నారు?"

"నేనైతే కాదు. లోపలెయ్యాలనుంటే వెయ్యి. ఈ ఊళ్ళో బయట ఉండి మాత్రం చేసేదేముంది?"

వెర్నా అలమర తెరిచింది. ఈ ఊళ్ళో ఏ కప్పు అడుగున చూసినా తుప్పు చార ఉంటుంది. ఇక్కడ ఆరు కప్పులూ తెల్లగా ఉన్నాయి. సింకు కింద తొమ్మిది ఖాళీ వెనిగర్ డబ్బాలు. ఒపల్ వెనిగర్‌తో ఊరగాయలు పెట్టడం మానేసి ఇరవై ఏళ్ళు.

"ఒపల్ ఆంటీ, ఇంత వెనిగర్ ఏం చేశారు?"

"ఆయన సణుగుడు పడలేకపోయానే. కాఫీలో తుప్పు కంపంటాడు. గని బట్టల మరకలు మా అమ్మ దాంతోనే వదిలించేది. శనివారం శనివారం బారెల్లో ఒక డబ్బా పోసేదాన్ని. ఎంత తేటగా వచ్చేవో నీళ్ళు."

డ్వైట్ ముఖం పాలిపోయింది. "పులుపు తగిలితే బురద పట్టుకున్నదంతా నీళ్ళలోకి వదిలేస్తుంది."

"మరి నాకేం కాలేదే?"

"మీరు కోలా తప్ప ఏదీ ముట్టరు కదా ఆంటీ," అంది వెర్నా.

ఒపల్ లేచింది. ఎల్డన్ కుర్చీని బల్ల కిందికి సర్దింది. వెర్నా ఆమె వైపు చూడకుండా రిపోర్టు మడిచింది. అయినా బారెల్ తప్పు లేదని తేలింది, ఊరు నిలబడుతుంది.

"ఈ చిట్కా ఎవరికైనా చెప్పారా?"

"ఈస్టర్‌కి చర్చి వంటింట్లో అందరికీ చెప్పానే. మీ అమ్మ కాగితం మీద రాసుకుంది కూడా."

పొద్దున అమ్మ ఇచ్చిన కప్పు వెర్నాకు కళ్ళ ముందు కదిలింది. అది కూడా తెల్లగానే ఉంది. వెంటనే ఇంటికి ఫోన్ చేసింది.

"ఏంటే, ఇందాకేగా వెళ్ళావు?" అంది అమ్మ. "ఉండు, రెండో కప్పు కాఫీ పోసుకుంటున్నా."