ఎవరూ బట్టలు ఆరేయని తీగ

“తీగ కోసేస్తే అయిపాయె. గంత దానికి నన్నెందుకు పిలిచిండ్రు మేడమ్?” అన్నాడు ఖాలిద్.

“పోయిన నెల కోశాం,” అంది శ్యామల. “కోసినవాడు వాగులో శవమై తేలాడు. మెసేజ్ మాత్రం వెళ్లిపోయింది.”

ఖమ్మంలో ఓ మిక్సీ రిపేర్ షాపు వెనక గది అది. ఆ గదిలో ఒక సీక్రెట్ సెక్షన్ నడుస్తోందని పక్కనున్న టీ కొట్టువాడికి కూడా తెలియదు. శ్యామల దానికి చీఫ్. మధిర ఆవిడ. మాట మెత్తన, పని దగ్గర మాత్రం జాలీ గీలీ ఉండవు. ఖాలిద్ ఆమె ఏజెంట్లలో ఒకడు. అతనికి హ్యామ్ రేడియో పిచ్చి. సెలవు దొరికితే చాలు, డాబా మీద చేరి ఎక్కడెక్కడి దేశాలవాళ్లతోనో కబుర్లు. ఈమధ్య సొంతంగా ఒక ఆటోమేటిక్ యాంటెన్నా ట్యూనర్ కూడా కొని, కొత్త పెళ్లికొడుకులా మురిసిపోతున్నాడు.

శ్యామల బల్ల మీద ఫోటో పెట్టింది. “రాజేష్. అశ్వారావుపేట అవతల పామాయిల్ తోటల్లో గెస్ట్ హౌస్ ఉంది. విదేశీ ముఠాకు ఇక్కడి ఏజెంట్. ఫోన్ ముట్టడు. అంతా షార్ట్‌వేవ్ రేడియో మీదే. ఒక్క బీప్‌లో మెసేజ్ మొత్తం పంపేస్తాడు. కోసిన తీగతో ఎలా పంపాడో అదే నాకర్థం కాలేదు.”

“ఆటో ట్యూనర్ పెట్టుంటడు మేడమ్. తీగ పొడవు కుదరకపోతే రేడియో పవర్ బయటికి పోదు, వెనక్కి తంతది. ట్యూనర్ లోపల కాయిల్స్, కెపాసిటర్లు ఉంటయ్. రిలేలు టిక్కు టిక్కుమని వాటిని మార్చి మార్చి జత కుదురుస్తయ్. మనం కోస్తే మిగిలిన ముక్కకే కుదుర్చుకుంటది.”

“అందుకే నువ్వు. సరిగ్గా నాలుగింటికి అటువైపు వాళ్లు ఒక్క నిమిషం వింటారు. ఆ నిమిషంలో ఇతను ఒక పేరు పంపుతాడు. వాళ్లలో దూరిన మన మనిషి పేరు. అది చేరితే ఆ కుర్రాడు చీకటి పడేదాకా బతకడు. రాత్రికల్లా మనం బయటికి లాగేస్తాం, ఈ నిమిషం ఒక్కటీ గడిస్తే చాలు. నువ్వు ముందెళ్లి లోపల దూరు. మూడున్నరకు టీమ్ వస్తుంది.”

“లోపల మనోళ్లెవరన్న ఉన్నరా?”

“మలికా. రాజేష్ సెక్రటరీ. మన మనిషే అనుకుంటున్నాం. రాజేష్ కూడా తన మనిషే అనుకుంటున్నాడు.” శ్యామల గొంతు తగ్గించింది. “ఆ కుర్రాడు ఆమె తమ్ముడు సత్తార్. అక్కడ వేరే పేరు మీద ఉన్నాడు. ఇవాళ పోయేది తన తమ్ముడి పేరని ఆమెకు తెలియదు. చెప్పకు. ఇది ఆర్డర్.”

వాన వెలిసి ఎండ చురుక్కుమంటున్న వేళ, సత్తుపల్లి లాండ్రీ పేరున్న చొక్కా వేసుకుని ఖాలిద్ గెస్ట్ హౌస్ పెరట్లో దిగాడు. జేబులో సబ్బు పెట్టె. అందులో సబ్బు లేదు. దగ్గర్లో ఎక్కడ రేడియో పలికినా వెలిగే చిన్న ఎర్ర లైటు ఉంది. వరండాలో తుపాకీతో కాపలావాడు. చాకిరేవు బండ దగ్గర పనిమనిషి గంగక్క దుప్పట్లు బాదుతూ ఉంది. పక్క గూడెం మనిషి. కొత్తవాడు కనబడగానే మొదలుపెట్టింది.

“చూడు తమ్మీ, ఇంటి కిటికీ కాడికెల్లి ఆ తోట దాక గంత పొడుగు తీగ కట్టిండు. ఒక్క తువ్వాల ఆరెయ్యనియ్యడు! కరెంటుంటదట. నేను పొదల మీద ఆరేసుకొని ముళ్లు ఏరుకోవాల్నట.”

ఖాలిద్ తీగను చూశాడు. దాని మొదలు రాజేష్ గది కిటికీ గ్రిల్ లోపలికి పోయింది. ట్యూనర్ అక్కడే, చెయ్యి దూరని చోట.

ఇంతలో మలికా మేడ దిగి వచ్చింది. ఆకుపచ్చ పట్టుచీర, నల్ల గాగుల్స్, కొంగు చాటున పిస్టల్. చూస్తే సినిమా షూటింగ్‌కు వచ్చిందనుకోవాలి.

“దుప్పట్లకు నీలం పెట్టమంటరా మేడమ్?” అన్నాడు ఖాలిద్.

“మా ఇంట్ల నీలం ఎవ్వరికీ పడదు,” అంది. కోడ్ సరిపోయింది. కానీ కళ్లద్దాల వెనక ఏముందో ఎవరికి తెలుసు?

మూడున్నర దాటింది. టీమ్ రాలేదు. ఫోన్ వణికింది. శ్యామల మెసేజ్: ‘వాగు పొంగింది. ఐదింటికి గానీ దాటలేం. ఏం చేస్తావో చెయ్యి.’

ఖాలిద్ తీగ వైపు చూశాడు. తీగ కోస్తే లాభం లేదు. తలుపు పగలగొడదామంటే తుపాకీ ఉంది. ఏం చెయ్యాలిరా దేవుడా అని తల పట్టుకున్నవాడికి గంగక్క చేతిలో నీళ్లు కారుతున్న దుప్పటి కనబడింది. అంతే, వాళ్లమ్మ గుర్తొచ్చింది. ఎన్నిసార్లు గొడవపడ్డాడు ఆమెతో! తను ఎవరితోనో మాట్లాడుతుండగా ఆమె వచ్చి యాంటెన్నా మీద తడి చీర పడేసేది. తీగ గుణం మారిపోయి ట్యూనర్ మళ్లీ మొదటి నుంచి టిక్కుటిక్కుమంటూ వెతుక్కునేది. కుదిరింది అనుకునేలోపు ఇంకో చీర.

ఒక్కసారి చెడగొడితే చాలదు. నిమిషమంతా చెడగొడుతూనే ఉండాలి.

నాలుగయింది. సబ్బు పెట్టెలో లైటు వెలిగింది. గ్రిల్ లోపల ఒకే ఒక్క టిక్కు. ట్యూనర్ పాత జత గుర్తుపెట్టుకుంది! ఖాలిద్ తడి దుప్పటిని తీగ మీదకు విసిరాడు.

టిక్ టిక్ టిక్ టిక్... వెతుకులాట మొదలైంది. అది ఆగబోతుండగా రెండోది వేశాడు. మళ్లీ టిక్ టిక్. మొదటిది లాగేశాడు. వేలు తీగకు తగిలి చురుక్కున కాలింది. మెసేజ్ పోకపోయినా, ట్యూనర్ వెతికేంతసేపూ తీగలో పవర్ పారుతూనే ఉంటుంది. పళ్లు బిగించి మూడోది వేశాడు.

“తీగ కాడ ఎవడో ఉన్నడు!” లోపలి నుంచి రాజేష్ అరుపు. “మలికా! కాల్చి పారెయ్!”

కాపలావాడు తుపాకీ ఎత్తాడు. వాడికంటే ముందు మలికా ఖాలిద్ ఎదుటికి వచ్చింది. పిస్టల్ గొట్టం అతని నుదుటికి సూటిగా.

“దుప్పటి తియ్.”

ఆర్డర్ ఆర్డరే. కానీ చచ్చేవాడికి మెమో ఇవ్వరు కదా. “ఆపా,” అన్నాడు సొంత అక్కను పిలిచినట్టు మెల్లగా, “గిప్పుడు పోయేది సత్తార్ పేరు.”

గాగుల్స్ తీసేసింది. కళ్లు చూస్తే ఖాలిద్‌కే భయమేసింది.

“మా సత్తారా?”

“అవ్.”

పిస్టల్ గిర్రున తిరిగి కాపలావాడి గుండె మీద ఆగింది. “తుపాకీ కింద పెట్టు. జల్దీ!” వాడు తుపాకీ వదిలేశాడు. మలికా రెండో చేత్తో ఒక తడి దుప్పటి లాగి తీగ మీద పడేసింది. పట్టుచీరంతా బురద నీళ్లు.

టిక్ టిక్ టిక్. రాజేష్ లోపల బూతులు మొదలుపెట్టాడు. ఖాలిద్ ఒకటి వేస్తూ ఒకటి లాగుతూ అటూ ఇటూ పరుగెత్తాడు. చివరి దుప్పటి తడిసి బరువెక్కి చేతిలోంచి జారి బురదలో పడింది. దానికోసం వంగిన అతని కాలు జారింది.

గ్రిల్ లోపల టిక్కులు ఆగిపోయాయి. జత కుదిరింది. ఇక మీట నొక్కడమే తరువాయి.

“యా అల్లా...” అంది మలికా.

“ఏంది, ఇయ్యాల సారు ఒప్పుకున్నడా?” వెనక నుంచి గంగక్క గొంతు. పెరటి చివర తన చీర జాడించుకుని అప్పుడే వస్తున్న ఆమెకు తీగ మీది దుప్పట్లు తప్ప పిస్టల్ కనబడలేదు. మొహం చింకి చాటంత చేసుకుని వచ్చింది. “చెప్పద్దా మరి!” అంటూ తడిసిన తన తొమ్మిది గజాల చీరను ఆ చివర నుంచి ఈ చివరకు పరిచేసింది.

టిక్ టిక్ టిక్ టిక్ టిక్.

నిమిషం అయిపోయింది. అటువైపు వినేవాళ్లు రేడియో కట్టేసి ఉంటారు.

పిస్టల్‌తో బయటికి దూకిన రాజేష్‌కు ఎదురుగా తడి చీర తెరలా వేలాడుతోంది. దాన్ని తప్పించుకునేలోపు ఖాలిద్ అదే చీరతో వాడిని మూటగట్టాడు. “నా చీర! నా చీర!” అని గంగక్క ఒకటే లొల్లి.

ఐదు దాటాక టీమ్ వచ్చింది. చీకటి పడుతుండగా శ్యామల ఫోన్ చేసింది.

“సత్తార్ బోర్డర్ దాటాడు. సేఫ్. అది సరే, మలికాకు చెప్పొద్దన్నానా లేదా?”

“హలో... హలో... సిగ్నల్ లేదు మేడమ్,” అని ఖాలిద్ ఫోన్ కట్టేశాడు. తలతిప్పి, “దాటిండు ఆపా,” అన్నాడు.

మలికా చాకిరేవు బండ మీద కూలబడింది. బురద కొంగుతో మొహం కప్పుకుని చాలాసేపు వెక్కి వెక్కి ఏడ్చింది. గంగక్క పక్కన కూచుని వీపు నిమిరింది. చివరికి మలికా ముక్కు తుడుచుకుని, పెరడంతా పడివున్న దుప్పట్లను చూసింది.

“చిన్నప్పటిసంది ఒక్క బనీను ఉతుక్కోలె, బద్ధకపోడు,” అంది. “రానియ్యి వాణ్ని. ఇవన్నీ వాడితోనే ఉతికిస్త.”