మూడో పాటలో తప్పు

"నేను సౌండే ఇయ్యలే. ఏం విని బటన్ నొక్కిన్రు?" అని అడిగింది సౌందర్య.

సూర్యాపేటలోని ఓ ప్రైవేటు దవాఖానలో చెవి పరీక్షలు చేయడం ఆమె ఉద్యోగం. ఎదురుగా హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నవాడు యుగంధర్. మిర్యాలగూడ వాడు, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తాడు. చెవుల్లో ఒకటే హోరని వచ్చాడు.

"మీరు మొహం లేపినప్పుడల్లా సౌండ్ వస్తదనుకున్న" అన్నాడు నిజాయితీగా.

అలా పదకొండుసార్లు నొక్కాడు. పరీక్ష మళ్లీ మొదటినుంచి చేయాల్సి వచ్చింది. ఈసారి ఆమె తల ఎత్తలేదు. చెవులు బాగానే ఉన్నాయనీ, స్పీకర్ల ముందు నిలబడటం తగ్గించమనీ రాసిచ్చింది.

అతను బ్యాగు తీసుకుంటుంటే అందులోంచి ఓ అట్టపెట్టె తొంగిచూసింది. యాభై ఏళ్ల కిందటి ఇంగ్లిష్ బ్లూస్ రాక్ గిటార్ పాటల ఆల్బమ్. స్వర్ణోత్సవమని మళ్లీ గ్రామఫోన్ రికార్డులుగా వేశారు. పొద్దున్నే కొరియర్‌లో వచ్చిందట. అది చూసి సౌందర్య అతన్ని ఆపింది.

ఆమె తండ్రి వెంకటనర్సయ్య కోదాడలో ముప్పై ఏళ్లు రేడియోలు బాగుచేశాడు. ఆ ఆల్బమ్ క్యాసెట్‌ను టేపు తెగిపోయేదాకా విన్నాడు. రెండేళ్లుగా ఆయనకు సరిగా వినబడటం లేదు. కూతురే చెవి మెషీన్ తెచ్చిస్తే, ముసలోళ్లు పెట్టుకునేదని బీరువాలో పడేశాడు. ఈ రికార్డులు వినడానికైనా మెషీన్ పెట్టుకుంటాడేమోనని ఆమె ఆశ. కానీ ఎక్కడ చూసినా అయిపోయాయి.

సంగతంతా చెప్పి, అమ్ముతారా అని అడిగింది. అమ్మనన్నాడు. ఆదివారం తానే పట్టుకొస్తానన్నాడు. గిటార్ కూడా తెస్తానని, అడగకుండానే చెప్పాడు.

ఆదివారం మిర్యాలగూడ బస్సులో గిటార్, చిన్న స్పీకరు, రికార్డుల పెట్టెతో కోదాడలో దిగాడు. సౌందర్య తల్లి గోపమ్మ టీ ఇచ్చింది. వెంకటనర్సయ్య పెట్టెను నాలుగువైపులా తిప్పి చూసి, కొత్తవాటిలో పాత పస ఉండదని వినకముందే తేల్చేశాడు. మెషీన్ మాట ఎత్తితే మాత్రం అసలే వినబడనట్టు కూర్చున్నాడు.

ఆయన బాగుచేసి దాచుకున్న పాత ప్లేయర్ మీద రికార్డు పెట్టారు. ఆయన కళ్లు మూసుకుని తల ఊపడం మొదలుపెట్టాడు. రికార్డు అయిపోయింది. తల ఇంకా ఊగుతూనే ఉంది.

సౌందర్య గబగబా వంటింట్లోకి వెళ్లిపోయింది. యుగంధర్ గిటార్ తీశాడు. పెద్దాయన చెవి దగ్గరకు వంగి గట్టిగా చెప్పాడు.

"అంకుల్, ఇవే పాటలు నేను వాయిస్త. తప్పులుంటే మీరే పట్టాలె."

జీవితమంతా తప్పులు పట్టి బతికిన మనిషి. కాసేపు అతన్ని ఎగాదిగా చూశాడు. లేచి వెళ్లి, బీరువాలోంచి మెషీన్ తీసి చెవికి పెట్టుకున్నాడు.

రెండు పాటలు బాగా సాగాయి. మూడో పాట మధ్యలో సౌందర్య చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. తండ్రి చెవిని చూసింది. తర్వాత యుగంధర్‌ను చూసి నవ్వింది. అతని వేలు తీగ మీద జారింది.

వెంకటనర్సయ్య చెయ్యెత్తాడు. "ఆపు. గాడ తప్పు కొట్టినవ్."

గోపమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. సౌందర్య నవ్వుతూనే ఏడ్చేసింది.

"తప్పు కొడితే చెప్పొద్దా? దానికి ఏడుపెందుకు?" అన్నాడాయన అయోమయంగా. యుగంధర్ వైపు తిరిగి, "రెండు పాటలు మంచిగ కొట్టినవ్. గాడనే ఎందుకు తప్పినవ్?"

"మీ అమ్మాయి దిక్కు సూసిన అంకుల్."

"నాన్నా, ఇగ మెషీన్ తియ్యి" అంది సౌందర్య కంగారుగా.

"ఇప్పుడే గద పెట్టుకున్న. జర విననియ్యి" అని ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. తర్వాత అరగంటసేపు యుగంధర్ ఉద్యోగం, ఇల్లు, అమ్మానాన్నల గురించి అడిగాడు. ప్రతి జవాబూ స్పష్టంగా విన్నాడు. చివరికి, చెయ్యి ఇంకా కుదరాలనీ, వారానికోసారి వచ్చి తనముందు వాయించాలనీ తీర్పు చెప్పాడు.

బస్టాండుదాకా సౌందర్య వచ్చింది.

"పెట్టెలో ఎన్ని రికార్డులున్నయి?"

"నాలుగు. ఇయ్యాల ఒక్కటే విన్నం."

"మిగిలినయి ఒక్కసారే తేవద్దు. ఆదివారానికి ఒక్కటి."

యుగంధర్ వేళ్ల మీద లెక్కేశాడు. "మూడు వారాలల్ల ఖతం అయితయి. తర్వాత?"

సౌందర్య వచ్చే బస్సు వైపు చూస్తూ చెప్పింది.

"మూడో వారం మీ అమ్మను గూడ తీస్కరండి."