మొద్దుబారిన బుగ్గ

నెలరోజులుగా సలుపుతున్న పన్ను పీకించుకోవడానికి ప్రమీల భర్త లక్ష్మీపతితో పుంగనూరు నుంచి మదనపల్లెకు వచ్చింది. కూతురు పోయాక ఆమె ఏ నొప్పినీ పట్టించుకోవడం మానేసింది. లక్ష్మీపతే బలవంతంగా బయల్దేరదీశాడు.

ఆరేళ్ల అనూష వానాకాలంలో కుప్పంలోని అమ్మమ్మ ఇంట్లో జ్వరంతో చనిపోయింది. కబురు విని ప్రమీల పరిగెత్తుకెళ్లేసరికి బిడ్డ ఒళ్లు చల్లబడిపోయింది.

పళ్ల డాక్టరు జాస్మిన్ ఎడమవైపు పంటి చిగురు దగ్గరికి సూది తెచ్చి మెల్లగా చెప్పింది.

"భయపడద్దమ్మా. చీమ కుట్టినట్టుంటాది, రవ్వంత మంట. ఆనక బుగ్గ బరువెక్కి మొద్దుబారిపోతాది. పన్ను లాగేది తెలుస్తాది గానీ నొప్పి తెలీదు. రెండు మూడు గంటల్లో స్పర్శ వచ్చేస్తాది. అందాకా ఆ పక్క ఏమీ నమలద్దు."

అన్నీ ఆమె చెప్పినట్టే జరిగాయి.

తిరుగు బస్సులో ప్రమీల కిటికీ పక్కన కూర్చుంది. బయట పొద్దుగూకుతోంది. మబ్బు కమ్మి లోపలంతా మసకబారింది. తడి మట్టి వాసన... అద్దం మీద చినుకుల చప్పుడు. బుగ్గ గిల్లి చూసుకుంది. వేరెవరి బుగ్గో గిల్లినట్టుంది.

అప్పుడు ఆ బుగ్గకు ఏదో ఆనింది.

మెత్తగా... చిన్నగా... నిప్పులా కాలుతూ.

కిటికీ వైపు ఎవరూ లేరు. గోరు దిగినా తెలియని బుగ్గకు ఆ వేడి తెలుస్తోంది. చెవి దగ్గర ఊపిరి.

"అమ్మా... ఒళ్లు కాలతాండాది. యాల రాలేదు?"

ప్రమీల కదల్లేదు. ఊపిరి బిగబట్టి ఆ కాలే బుగ్గకు తన బుగ్గ ఆనించి కూర్చుంది. కన్నీళ్లు మాత్రం ధారగా కారుతున్నాయి.

పుంగనూరు దగ్గరపడుతుండగా పెదవి చివర చీమలు పాకినట్టయింది. వేడి కొంచెం కొంచెంగా జరిగిపోతోంది...

"వెనక్కి పోదాం పద," భర్త చెయ్యి పట్టుకుంది. "ఇంకో సూది వేయించు."

"యాల? నొప్పిగా ఉండాదా?"

"స్పర్శ వచ్చేస్తాండాది. పాప పోతాండాది..."

లక్ష్మీపతి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

రాత్రికి బుగ్గంతా మామూలైంది, చిన్నపిల్ల అరచేయంత చోటు తప్ప. తరవాత మళ్లీ మదనపల్లెకు వెళ్తే జాస్మిన్ అక్కడ సూదితో గుచ్చి చూసింది. ప్రమీలకు తెలియలేదు. ఎందుకో డాక్టరుకీ తెలియలేదు.

పొద్దుగూకితే ఆ చోటు కాలుతుంది. అది రోజూ కొంచెం కిందికి, గుండె వైపు దిగుతోంది. ప్రమీల ఎవరికీ చెప్పలేదు.

నిన్న గొంతు దాటింది.