వంటింట్లో కొరియా కంపు

పొద్దున్నే పళ్లు తోముకుని పెరట్లోంచి వస్తున్న భాస్కర్ వంటింటి గుమ్మంలోనే ఆగిపోయాడు. పులిసిన వాసన. వెల్లుల్లి, కారం, ఇంకేదో మురిగినట్టు. గట్టు మీద గాజు సీసాలో, ఎర్రటి రసంలో క్యాబేజీ ఆకులు నీరుకారి ఉన్నాయి.

సీసా పక్కన ఫోను పెట్టుకుని, పప్పు తాలింపు వేస్తూ భార్య రేఖ ఏదో వల్లె వేస్తోంది. నలభై మూడేళ్ల మనిషి. విశాఖలో చదువుతున్న కూతురు శ్రావణి పోయినేడు సెలవులకొచ్చి ఈ కొరియా సీరియళ్లు అలవాటు చేసి వెళ్లింది. కూతురు వాటిని మర్చిపోయింది. తల్లి మాత్రం ఏకంగా భాషే నేర్చుకుంటానని కూర్చుంది. వారానికి రెండు రోజులు ఫోనులో క్లాసు.

ఆ సీరియళ్లు చూస్తేనే భాస్కర్‌కి వెగటు. పెదాలకు రంగేసుకున్న మగాళ్లు, పుల్లలతో ఎత్తుకుని జుర్రుకునే తిండి. ఆ సాగదీసే మాటలు తన ఇంట్లో, తన భార్య నోట వినడం మరీ రోత.

"ఏటా కంపు?" అన్నాడు ముక్కు మూసుకుని.

"కిమ్చీ అండి. ఆళ్ల ఊరగాయ."

"ఊరగాయా? కుడితిలా ఉన్నాది!"

రేఖ ఫోను ఆపేసింది.

అంతలో భాస్కర్ చెల్లెలి మొగుడు దాలయ్య వచ్చాడు, నాట్లకి యూరియా కావాలని. శ్రీకూర్మం రోడ్డులో భాస్కర్‌కి ఎరువుల కొట్టుంది. దాలయ్య టీ గ్లాసు అందుకుని గాలి పీల్చాడు. "ఏటి బావా, అటక మీద ఎలకేటైనా సచ్చిందేటి?"

భాస్కర్ ముఖం మాడిపోయింది. విసురుగా వెళ్లి సీసా తీసుకుని, అంట్లు తోమే గట్టు మీద బోర్లించేశాడు.

"ఎవుల భాషో, ఎవుల కూడో! ఈ వయసులో ఈ యేషాలెందుకే నీకు?"

దాలయ్య సగం టీ వదిలేసి జారుకున్నాడు.

రేఖ అరవలేదు. "పురుగుమందు కంపు కొట్టే మీ సొక్కాలు ఇరవై రెండేళ్లుగా ఉతుకుతన్నాను. ఒక్కనాడు ముక్కు మూసుకున్నానా?"

"అదీ ఇదీ ఒకటేటే?"

"కాదు. అది మీది, ఇది నాది. అందుకే పారబోసారు." పొయ్యి ఆపేసింది. "ఎందుకని కదా అడిగారు. మొదటి క్లాసులో రెండు ముక్కలు తప్పుల్తో సెప్పాను. ఆ టీచరమ్మ 'చాల్ హెస్సొయో' అన్నాది. బాగా సేసావు అని. అత్తమ్మ ఆరేళ్లు మంచం మీదుంటే అన్నీ ఎత్తిపోసాను. ఆ మాట నాతో ఎవులన్నారు? తెలుగులో నాకు తిట్లే ఎక్కువ పడ్డాయి. ఆ భాషలో నన్నింకా ఎవులూ తిట్టలేదండి."

గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

భాస్కర్ గట్టు కడిగేద్దామని వెళ్లాడు. ఆకులు చేత్తో ఎత్తుతుంటే కారం గోళ్ల సందుల్లోకి దిగింది. మూడుసార్లు సబ్బు రాసినా వాసన పోలేదు. ఆ ఆరేళ్లలో తల్లి గది గుమ్మం తాను ఎన్నిసార్లు దాటాడో లెక్క పెట్టబోయాడు. రెండు చేతుల వేళ్లు నిండలేదు. వాసన భరించలేక అగరొత్తులు కొని పంపేవాడు. రేఖ మాత్రం లోపల తల్లిని కడిగి, చేతులు కడుక్కుని వచ్చి, తనకి అన్నం పెట్టేది. ఈసారి రోత పుట్టింది తన మీదే.

కొట్టు తెరవలేదు. బజారుకెళ్లి రెండు క్యాబేజీలు తెచ్చి, గది ముందు నిలబడ్డాడు.

"తప్పయిపోనాది రేఖా. ఇదెలా కొయ్యాలో సెప్పు."

అక్కడే కత్తిపీట ముందేసుకుని తానే అడ్డదిడ్డంగా తరగడం మొదలుపెట్టాడు. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ఎర్రబడ్డ కళ్లతో వచ్చి చూసింది రేఖ.

"ఇంత లావుగా కోస్తే ఉప్పు పట్టదండి," అంటూ పక్కన కూర్చుంది.

ఆమె చెప్పినట్టే ఒక్కో ఆకుకీ ఉప్పు రాశాడు. కాసేపయ్యాక చిన్న ముక్క తుంచి ఆమెకి అందిస్తూ, బెరుగ్గా అడిగాడు:

"ఉప్పు సరిపోయిందేటి?"

పెళ్లయిన నాటి నుంచి అతని కంచం పక్కన నిలబడి, రోజూ ఆ మాట అడిగింది రేఖే. ముక్క నోట్లో వేసుకుని, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఇంకొంచెం పడతాది," అంది.